లోటు లేని ఇల్లు

తలుపు చప్పుడైతే ఆ ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పని ఉంటుంది. అందరూ చిలక అని పిలిచే ఏడేళ్ళ పిల్ల, కారుతున్న కప్పు కింద పెట్టిన బకెట్‌ని ఎత్తుకెళ్ళి స్నానాల గదిలో దాచాలి. వాళ్ళమ్మ, ఆ ఇంటి కోడలు, మంచం మీద ఆరేసిన బట్టల్ని ఉండచుట్టి కిందికి తొయ్యాలి. నాయనమ్మ, చెమ్మకి నల్లబడిన గోడ మీద పూల కర్టెన్‌ని సరిగ్గా లాగి, జుట్టు సవరించుకుని, "వస్తున్నా, ఎవరండీ" అని తీరిగ్గా పలకాలి. ఈ కవాతు అంతా నాయనమ్మ పెట్టిందే. పాలవాడైనా, మెట్లు తుడిచే మనిషైనా, ఈ ఇంట్లో లోటు ఉందని అనుకుంటూ కిందికి దిగకూడదు. అది ఆవిడ చట్టం.

ఆ ఉదయం వాన పడుతోంది. తలుపు చప్పుడైంది. బకెట్ పరిగెత్తింది, బట్టలు మాయమయ్యాయి, కర్టెన్ కదిలింది. తీరా తలుపు తీస్తే కింది ఇంటి అక్క.

"నువ్వా," అంది అత్తగారు నిరాశగా. "కాస్త ముందే గొంతు వినిపించొచ్చుగా. పిల్ల బకెట్ నీళ్ళు సగం ఒంటి మీదే పోసుకుంది."

అక్క నవ్వలేదు. ఆమె తన ఇంట్లోనే నలుగురైదుగురు పిల్లల్ని చూసుకుంటుంది. ఈ ఇంటి చంటోడు పొద్దున్నుంచీ, చిలక బడి వదిలాకా ఆమె దగ్గరే ఉంటారు. రోజూ చంటోణ్ణి చంకనేసుకుని గలగలా మాట్లాడుతూ దిగిపోయే మనిషి, ఇవాళ గుమ్మంలోనే ఆగి కోడలి ముఖంలోకి చూసింది. వీళ్ళ పిల్లల తరఫున భత్యం ఆఫీసు నుంచి తనకి రావాల్సింది ఆపేశారని మెసేజ్ వచ్చిందట. కోడలికీ వచ్చే ఉంటుంది, చూసుకోమంది.

వచ్చింది. 'మీ కుటుంబం అర్హత పరిధిలో లేదు.' అంతే. ఎందుకో లేదు, ఎవరినడగాలో లేదు.

"శుక్రవారం దాకా చూస్తానమ్మా," అంది అక్క. "ఆ తర్వాత ఆ చోటు ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. అడుగుతున్నవాళ్ళు ఉన్నారు. నీ మీద కోపమై కాదు. నా ఇల్లూ గడవాలి కదా."

ఆ భత్యం సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. పిల్లలున్న ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పని చేస్తూ ఉండాలి. చేసినా వచ్చేది ఒక హద్దు కంటే తక్కువ ఉండాలి. అప్పుడు పిల్లల్ని చూసుకునే మనిషికి ఇచ్చేది ఆఫీసు భరిస్తుంది. "పని చేయకపోతే ఇవ్వరు. పని చేసి సుఖపడినా ఇవ్వరు. ఒళ్ళు హూనం చేసుకున్నా చాలకపోతేనే ఇస్తారు. మన కొలతలు తీసుకునే కుట్టారు ఈ రూలు" అని కోడలు పనిలో అందరినీ నవ్వించేది. ఇప్పుడు ఆ రూలే మెడకి చుట్టుకుంది. భత్యం లేకపోతే అక్క లేదు. అక్క లేకపోతే చంటోణ్ణి చూసే దిక్కు లేదు. అత్తగారికి కళ్ళు తిరిగే జబ్బు. ఒకసారి వాణ్ణి ఎత్తుకునే మెట్ల మీద కూలబడింది, అప్పటినుంచి పిల్లల్ని ఒంటరిగా ఆవిడ చేతిలో పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంటే కోడలు పని మానాలి. మానితే ఇద్దరూ పని చేసే కుటుంబం కాదు. ఇక ఆ భత్యం వాళ్ళ గుమ్మం తొక్కదు.

కోడలు పని చేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని విదిలించి వేడి రోలర్ల మధ్యకి పంపాలి. విదిలించకపోతే ప్రమాదం. విదిలిస్తే సూదులు రాలతాయి, థర్మామీటర్లు రాలతాయి, ఒకసారి ఎవరివో పెట్టుడు పళ్ళు రాలాయి. ఒకరు రాకపోతే రెండో మనిషి చేతులు కట్టుకుని నిలబడాలి, ఆ పూట కూలి ఇద్దరికీ పోతుంది. సూపర్‌వైజర్ ఫోన్లో ఆ ఒక్క పూటకి వదిలాడు. సోమవారం నుంచి కుదరకపోతే ఇప్పుడే చెప్పమన్నాడు, బయట చాలామంది ఉన్నారన్నాడు. కుదురుతుంది అని చెప్పి పెట్టేసింది. ఎలా కుదురుతుందో ఆమెకే తెలియదు.

"ఏదో పొరపాటై ఉంటుంది," అంది అత్తగారు కర్టెన్ దగ్గర నుంచి కదలకుండా. "వెళ్ళి మర్యాదగా అడుగు. నలుగురిలో గొంతు పెంచకు."

భత్యం ఆఫీసు హాల్లో కుర్చీలన్నీ నేలకి బిగించి ఉన్నాయి, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. కౌంటర్‌కి మందపాటి అద్దం, దాని కింద చిన్న కంత. మెల్లగా మాట్లాడితే అవతలికి వినపడదు. గట్టిగా మాట్లాడితే హాలంతా వినపడుతుంది. తన వంతు వచ్చేసరికి కోడలికి నలుగురి సంసారాలు తెలిసిపోయాయి.

అద్దం వెనక ఆఫీసరమ్మ కంప్యూటర్ చూస్తూనే మాట్లాడింది. వాళ్ళ మనిషి ఇంటి దగ్గర విచారించి వచ్చాడు. ఇంట్లో సొంతానికి రెండు వ్యాన్లు ఉన్నాయి. ఇల్లాలు ఉద్యోగం సరదాకి చేస్తోంది, అవసరం ఉండి కాదు. త్వరలో పెద్ద ఇంటికి మారబోతున్నారు. ఇలాంటి కుటుంబానికి భత్యం రాదు.

కోడలు కంత దగ్గరికి వంగింది. "రెండు వ్యాన్లా? మా ఆయన బేకరీ వ్యాను తోలతాడు. ఆ బండి బేకరీ వాళ్ళది. సాయంత్రం తాళం ఇచ్చి నడిచి ఇంటికొస్తాడు."

"ఇక్కడ వేరేగా ఉంది."

"సరదాకి పనా?" కోడలు చేతులు రెండూ అద్దానికి ఆనించింది. మణికట్టు నుంచి మోచేతి దాకా రోలర్ల వాతలు, కొత్తవి ఎర్రగా, పాతవి నల్లగా. "ఇదిగోండి నా సరదా. ఎవరు చెప్పారు మీకు?"

చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టకూడదట. అభ్యంతరం ఉంటే శుక్రవారం లోపు రావచ్చట. కానీ ఎవరు చెప్పారో వాళ్ళే స్వయంగా వచ్చి, తాము చెప్పింది తప్పని ఈ కౌంటర్ దగ్గర ఒప్పుకుంటేనే ఆ మాట కొట్టేస్తారట.

"పేరు మీరు చెప్పరు. మనిషిని నేను తీసుకురావాలి. అంతేనా?"

"అంతే," అంది ఆఫీసరమ్మ. తరువాతి నంబరు వెలిగింది.

వాన తగ్గింది. కోడలికి మాత్రం వీధి పొడవునా ఒకే ఒక్క ముఖం కనపడుతోంది. ఆడపడుచు. భర్తకి అక్క, తనకి వదిన, మార్కెట్ మూలమీద తాళంచెవులు చేసే కొట్టు నడుపుతుంది. చిన్నప్పటినుంచి ఎవరి ముందూ తల వంచని మనిషి. ఆ మధ్య మాటల్లో, "నేనూ పిల్లల్ని పెంచాను. ఏ ఆఫీసు ముందూ నిలబడలేదు" అని పొడిచింది. కోడలు ఊరుకోలేదు. "నిలబడి ఉంటే మీ పిల్లలు మిమ్మల్ని ఎప్పుడైనా ఇంట్లో చూసేవాళ్ళు" అంది. ఆ తర్వాత ఆమె మెట్లెక్కి రాలేదు. ఇప్పుడు అర్థమైంది ఎందుకు రాలేదో. మెట్లు ఎక్కకుండానే పని కానిచ్చింది.

కొట్టు ముందు ఇద్దరు తాళంచెవుల కోసం నిలబడి ఉన్నారు. కోడలు వాళ్ళని చూడనట్టే లోపలికి వెళ్ళింది.

"కడుపు చల్లబడిందా వదినా? నా పిల్లాడి నోటి దగ్గరిది లాగేశారు. ఇప్పుడు నిద్ర పడుతుందా మీకు?"

ఆడపడుచు అరగదీస్తున్న తాళంచెవిని మెషీన్ నుంచి తీసింది. కళ్ళకి పెట్టుకున్న ప్లాస్టిక్ అద్దాలు పైకి జరిపింది. ఏమిటి సంగతి అని అడిగింది. కోడలు చెప్పింది కాదు, కురిపించింది. వ్యాన్లు, సరదా, పెద్ద ఇల్లు, శుక్రవారం, చంటోడు. నిలబడ్డవాళ్ళలో ఒకాయన మెల్లగా జారుకున్నాడు. రెండో ఆవిడ మాత్రం కదల్లేదు, తాళంచెవి కంటే కథ బాగుంది మరి.

ఆడపడుచు అంతా విని, చేతులకంటిన ఇనప రజను తుడుచుకుంది.

"నీ మీద నాకు కోపం ఉంది. నువ్వన్న మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. కానీ నాకు కోపమొస్తే నీ ముఖం మీదే తిడతాను. ఆఫీసుకెళ్ళి నిన్ను పొగిడి రాను."

"పొగడటమా ఇది?"

"మరేంటి? నీ మీద చాడీ చెప్పాలనుకుంటే, దొంగచాటుగా ఇంకెక్కడో సంపాదిస్తోంది అంటాను. మొగుడు రెండు బండ్లకి యజమాని, పెళ్ళాం ఊసుపోక ఉద్యోగం చేస్తోంది, వాళ్ళకి దేనికీ లోటు లేదు అనే మాటలు చాడీలు కావమ్మా. గొప్పలు." ఆమె గొంతు తగ్గింది. "మన ఇంట్లో పరాయివాళ్ళ ముందు గొప్పలు చెప్పేది ఎవరు? కాస్త కోపం పక్కన పెట్టి ఆలోచించు."

దేనికీ లోటు లేదు. ఆ మాట ఆ గొంతుతోనే, ఆ సాగదీతతోనే కోడలి చెవిలో వినపడింది.

ఆడపడుచు స్టూల్ మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న ఆవిడకి రేపు రమ్మని చెప్పి పంపేసి, తల వంచుకుని మాట్లాడింది. "నాన్న పోయిన ఏడాది ఇంట్లో ఏమీ ఉండేది కాదు. అమ్మ పొయ్యి మీద ఉత్త నీళ్ళు పెట్టి గరిటెతో తిప్పేది. గిన్నెకి గరిటె తగిలే చప్పుడు పక్కింటికి వినపడాలని. వాళ్ళు వంట అవుతోంది అనుకోవాలని. నాకప్పుడు నీ చిలకంత వయసు. ఆ చప్పుడు వినగానే కంచం పెట్టుకుని కూర్చునేదాన్ని. రోజూ నమ్మేదాన్ని."

ఆమె మెషీన్ ఆన్ చేసింది. అరగదియ్యడానికి అక్కడ తాళంచెవి ఏమీ లేదు.

సాయంత్రం కోడలు మెట్లెక్కేసరికి భర్త వచ్చి ఉన్నాడు, ఒళ్ళంతా ఈస్ట్ వాసనతో. అత్తగారు చంటోడి చొక్కాకి గుండీ కుడుతోంది. చిలక బకెట్ పక్కన కూర్చుని కారే చుక్కలకి తాళం వేస్తోంది. కోడలు చెప్పులు విడవలేదు.

"అత్తయ్యా, ఈ మధ్య మనింటికి ఎవరైనా మగమనిషి వచ్చాడా? మేం లేనప్పుడు?"

అత్తగారి ముఖం వెలిగింది. "వచ్చాడుగా. మీకు చెబుదామనే అనుకుంటున్నాను, పని ఖాయమయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని ఆగాను. పక్క వీధిలో కింది అంతస్తు ఇల్లొకటి అద్దెకి చూశాం కదా, ఆ ఓనరు పంపిన మనిషి. రెయిన్‌కోటు వేసుకొచ్చాడు. చాలా పెద్దమనిషి. ఎవరెవరు ఉంటారు, ఎవరేం చేస్తారు అని అన్నీ అడిగాడు. తడబడకుండా చెప్పాను."

"ఆయన ఓనరు మనిషని చెప్పాడా?"

"చెప్పనిచ్చానా? మీ కోసమే చూస్తున్నాం రండి అని లోపలికి తీసుకొచ్చాను. బంగారు అంచు కప్పులో టీ ఇచ్చాను."

"నేను కింది నుంచి పుస్తకం కోసం పైకొచ్చాను. నాయనమ్మ నాకు సైగ చేసింది, నేను బకెట్ తీసేశాను," అంది చిలక గర్వంగా.

కోడలు నవ్వింది. ఆ నవ్వు చూసి భర్త లేచి నిలబడ్డాడు. వచ్చింది ఎవరో, ఆ టీ తాగి ఆయన ఏం రాసుకెళ్ళాడో, శుక్రవారం తర్వాత ఏమవుతుందో ఆమె ఒక్కో ముక్కే చెప్పింది. అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది.

"నేను మీ పరువు నిలబెట్టాను," అంది చివరికి, బలహీనంగా.

"పరువు కాదు అత్తయ్యా, మీరు నా ఉద్యోగం తీసేశారు. నేను చెమటలో ఉడికి సంపాదించుకున్న హక్కుని టీలో కలిపి ఆయనకి తాగించారు. రెండు వ్యాన్లట. ఒక్కటైనా ఉంటే నేను ఎవరో మంచాన పడ్డవాళ్ళ దుప్పట్లు ఎందుకు విదిలిస్తాను? సరదాకా?"

"కాస్త మెల్లగా," అన్నాడు భర్త, "కింద వినపడుతుంది."

అంతే. ఆ మాటతో ఆమెలో ఏదో తెగింది. వెళ్ళి పూల కర్టెన్‌ని రెండు చేతులా పట్టుకుని లాగింది. కడ్డీతో సహా ఊడి వచ్చింది. గోడ నల్లగా, మధ్యలో పెచ్చులూడి, తడిగా బయటపడింది. చంటోడు బెదిరి ఏడుపు అందుకున్నాడు.

"వినపడనివ్వండి. కనపడనివ్వండి. ఇదే మన ఇల్లు. దీన్ని దాచి దాచి చివరికి దీన్నుంచి బయటపడే దారి కూడా దాచేశాం."

భర్త గోడ వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. తప్పు అమ్మది ఒక్కదానిదే కాదు. ఓనరు మనిషి ఎప్పుడైనా రావచ్చు, జీతాలు తక్కువైతే ఇల్లివ్వరు, కాస్త ఘనంగా చెప్పమ్మా అని తనే నేర్పాడు. అమ్మ ఈ మెట్లు ఎక్కలేకపోతోందని కదా ఆ ఇల్లు చూసింది. రెండు వ్యాన్ల మాట కూడా తనదే. బేకరీలో ఉన్న రెండు వ్యాన్లూ తనవేనని అక్కడ ఎప్పుడో వేళాకోళానికి అన్నది ఇంట్లో చెప్పాడు.

"బాగుంది," అంది కోడలు. "కొడుకు రాశాడు, తల్లి ఆడింది. టికెట్ కొన్నది నేను. రేపు శుక్రవారం అత్తయ్యా. మీరు వచ్చి ఆ కౌంటర్ దగ్గర, నేను చెప్పింది అబద్ధం, మాకు చాలదు అని ఒక్క మాట చెప్పాలి."

అత్తగారు చొక్కా మడతపెట్టింది. ఎంతో సేపు మడతపెట్టింది. "ఏ మాటైనా పడతాను. కావాలంటే నన్ను నా కూతురి దగ్గరికి పంపెయ్. కానీ అంతమంది ముందు నిలబడి మాకు లేదు అని చెప్పమనకు. ఆయన పోయినప్పుడే చెప్పలేదు. ఇద్దరు పిల్లలు ఆకలికి ఏడిస్తేనే చెప్పలేదు."

"తెలుసు. ఉత్త నీళ్ళు తిప్పారు. వదిన చెప్పింది."

అత్తగారి ముఖం పాలిపోయింది. ఆ సంగతి కూతురికి తెలుసని, ఇన్నేళ్ళూ గుర్తుందని ఆవిడకి తెలియదు. "అది నిద్రపోయిందనుకునేదాన్ని," అంది. లేచి వెళ్ళి వంటగది తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు కోడలు ఒక్కతే హాల్లో కూర్చుంది. భర్త బండి వదిలి రాలేడు. ఎవరూ రాకపోయినా తనే అద్దం పగలగొట్టినంత పని చేసి రావాలని నిశ్చయించుకుంది. లాండ్రీలో రెండో కొస పట్టే జోడీ మనిషి మెసేజ్ పెట్టింది: 'సూపర్‌వైజర్ నీ చోటులో కొత్తమ్మాయికి దుప్పటి పట్టడం నేర్పిస్తున్నాడు. తొందరగా రా.' నంబర్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

తన నంబరు రాకముందే తలుపు దగ్గర అలికిడైంది. ఆడపడుచు కొట్టు బట్టల్లోనే ఉంది, ఒక చేత్తో తల్లి భుజం పట్టుకుంది. తల్లి కొంగుకి చిరుగు, మోచేతి దగ్గర మాసిక. ఆవిడ ఆ బట్టలు కట్టుకుని మెట్లు దిగడం కోడలు ఏనాడూ చూడలేదు. గుమ్మం దాటాలంటే ఇస్త్రీ బట్టలు కావాలి, అది కూడా ఆవిడ చట్టమే.

కోడలు చప్పున చుట్టూ చూసింది, ఎవరైనా తెలిసినవాళ్ళు ఉన్నారేమోనని. లేచి ఆవిడకి అడ్డంగా నిలబడబోయింది, ఆ మాసిక కనపడకుండా. సగంలో కాళ్ళు ఆగిపోయాయి. ఇది ఎవరి చూపు? ఎవరి తొందర? రాత్రంతా తను తిట్టుకున్నది దీన్నే కదా. చిలకకి రెయిన్‌కోటు లేదని బడిలో అడిగితే ఇంట్లో మర్చిపోయానని చెప్పమన్నది ఎవరు? లాండ్రీలో మా ఆయన బేకరీ చూసుకుంటాడు అని చెప్పింది ఎవరు? ఆమె పక్కకి తప్పుకుంది.

నంబరు వెలిగాక అత్తగారు కౌంటర్ దగ్గరికి వచ్చి కంతలో నోరు పెట్టి మాట్లాడలేదు. వెనక్కి ఒక అడుగు వేసి నిటారుగా నిలబడింది.

"అమ్మా, మీ మనిషితో మాట్లాడింది నేను. నేను చెప్పింది అబద్ధం. నా కొడుక్కి రెండు వ్యాన్లు లేవు, ఒకటీ లేదు. నా కోడలు సరదాకి పని చెయ్యట్లేదు, ఆమె చేతులు మీరు చూశారట. మా కప్పు కారుతుంది. గోడ తడిసి నల్లబడింది, కర్టెన్ కట్టి దాచాను. ఇద్దరూ గొడ్డు చాకిరీ చేస్తారు. అయినా మాకు చాలదు."

ఆఫీసరమ్మ ఇబ్బందిగా కదిలింది. "కాస్త నెమ్మదిగా చెప్పండి, పెద్దమ్మా."

"నెమ్మదిగా చెప్పేవన్నీ బతుకంతా చెప్పాను. ఇది గట్టిగానే చెబుతాను." ఆవిడ ఒక అడుగు ముందుకి వేసింది. "ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీ మనిషి వచ్చి కూర్చున్నాడు, టీ తాగాడు, అన్నీ అడిగాడు. తను ఎవరో ఒక్క మాట చెప్పాడా? కార్డు చూపించాడా? నేను ఎవరనుకుంటున్నానో ఆయనకి అక్కర్లేదా?"

ఆఫీసరమ్మ కంప్యూటర్ నుంచి మొదటిసారి తల ఎత్తింది. "చూపించాలి. అది రూలు."

"చూపించలేదు."

"చూపిస్తే ఈవిడ ఆయన్ని గుమ్మం కూడా దాటనిచ్చేది కాదు," అంది ఆడపడుచు. "మా అమ్మ సంగతి నాకు తెలుసు." బిగించిన కుర్చీల్లోంచి ఎవరో నవ్వారు. వెనక వరసలో ఒకావిడ, తమ ఇంటికి వచ్చినవాడూ కార్డు చూపించలేదని గట్టిగానే అంది. ఇంకొకాయన తమకీ అంతే అన్నాడు.

ఆఫీసరమ్మ లోపలికి వెళ్ళి పెద్ద ఆఫీసరుతో మాట్లాడి వచ్చింది. ఈసారి ఆమె గొంతులో కంప్యూటర్ లేదు. ఆ విచారణ లెక్కలోకి రాదు, మళ్ళీ మనిషి వస్తాడు, అప్పటిదాకా భత్యం ఆపడానికి వీల్లేదు అని చెప్పింది. ఆ మాట కింది ఇంటి అక్కకి మెసేజ్‌గా పంపమని కోడలు పట్టుబట్టింది. అది వెళ్ళేదాకా అద్దం ముందు నుంచి కదల్లేదు.

బయట మెట్ల మీద అత్తగారికి కళ్ళు తిరిగాయి. కోడలూ ఆడపడుచూ చెరో రెక్క పట్టుకుని కూర్చోబెట్టారు, తడి దుప్పటి పట్టుకున్నట్టే. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత కూతురి వైపు చూడకుండానే అడిగింది.

"ఆ నీళ్ళ చప్పుడుకి రోజూ లేచి కూర్చునేదానివా?"

"కంచం కూడా పెట్టుకునేదాన్ని."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు తిప్పుతూ ఏడ్చేదానివి. నేను నిద్రపోతున్నానని అనుకునేదానివి కదా, అలాగే అనుకోనీ అని చప్పుడు కాకుండా మళ్ళీ పడుకునేదాన్ని."

అత్తగారు ఆ మాసిక ఉన్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వీధిలో, పట్టపగలు, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా ఏడ్చింది. ఇద్దరిలో ఎవరూ ఆవిడకి అడ్డంగా నిలబడలేదు. కోడలు మాత్రం ఎక్కువసేపు కూర్చోలేకపోయింది. లాండ్రీకి పరిగెత్తాలి, కొత్తమ్మాయి చేతిలోంచి తన కొస లాక్కోవాలి. లేస్తూ, "నా కోపం ఇంకా పోలేదు అత్తయ్యా" అంది. "తెలుసు," అంది ఆవిడ. "పోయినప్పుడు చెప్పు." కోడలు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వదినా, అత్తయ్యని మెట్లెక్కించి మీరూ పైకి రండి. కింద నుంచే వెళ్ళిపోకండి."

వారం తిరగకముందే తలుపు చప్పుడైంది. ఆ రోజు వాన జోరుగా ఉంది. లాండ్రీకి సెలవు రోజు కాబట్టి కోడలు ఇంట్లోనే ఉంది, ఆడపడుచు చంటోణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తోంది. చిలక ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులా బకెట్ పట్టుకుని స్నానాల గది వైపు నడిచింది.

"ఉంచవే," అంది నాయనమ్మ.

చిలక అర్థంకాక నిలబడింది. "నాయనమ్మా, ఎవరో వచ్చారు."

"వచ్చారులే. అక్కడే ఉంచు."

పిల్ల అనుమానంగా వాళ్ళమ్మ వైపు చూసింది. కోడలు మంచం మీద ఆరేసిన బట్టల వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. అవునన్నట్టు తల ఊపింది. బకెట్ గది మధ్యకి తిరిగి వచ్చింది. కర్టెన్ లేని గోడ నల్లగా అందరినీ చూస్తోంది. నాయనమ్మ జుట్టు సవరించుకోలేదు. తలుపు జానెడు మాత్రమే తెరిచి, ఆ సందులోంచి చెయ్యి బయటికి చాపింది.

"ముందు కార్డు."

అదే రెయిన్‌కోటు. ఆయన తడబడుతూ జేబులు వెతికి కార్డు తీశాడు. నాయనమ్మ దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి కూతురి చేతికిచ్చి చదివించుకుని తలుపు తీసింది. ఆయన లోపలికి వచ్చి, గోడ చూసి, బకెట్ చూసి, మంచం మీది బట్టలు చూసి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయాడు. ఇదే ఇల్లా అని అడగబోయినట్టుంది. పైనుంచి ఒక చుక్క సరిగ్గా ఆయన చెంప మీద పడింది.

"పోయినసారీ కారింది," అంది చిలక. "అప్పుడు నేను దాచాను."

టీ పెట్టారు. నాయనమ్మ పెట్టె తాళం తీసి బంగారు అంచు కప్పులు బయటికి తెచ్చింది. వచ్చిన మనిషికి అంచు విరిగిన గాజు గ్లాసులో పోసి ఇచ్చింది. బంగారు అంచు కప్పులు రెండు నింపి, ఒకటి కూతురి చేతిలో పెట్టింది, రెండోది కోడలి ముందు పెట్టింది.

కోడలు ఆ కప్పు వైపు చాలాసేపు చూసింది. పెళ్ళై వచ్చినప్పటినుంచి వాటిని తోమడమే కానీ, ఒక్కసారీ వాటిలో తాగలేదు. వాతలు పడిన చేతులతో ఎత్తి పెదవులకి ఆనించుకుంది.

"చక్కెర చాలలేదు అత్తయ్యా," అంది.

"ఇంట్లో లేదు," అంది అత్తగారు, పరాయి మనిషి ముందే, గట్టిగా.